పల్చగా రాయమంటే...

నీలమణి దుర్గమ్మ మీద ఒట్టు, మా మందుల దుకాణం షట్టరు మీద ఒట్టు, రాత్రికి నేను తినబోయే అన్నం మీద ఒట్టు. ఇందులో ప్రతి అక్షరం నిజం. ఇన్ని ఒట్లు దేనికని అడగకండి. పాతపట్నంలో నా మాటకున్న విలువ తెలిసినవాళ్లకి ఒక్కటి చాలదు.

కరోనా మాస్కులు ముక్కు దిగి గెడ్డాల కింద వేలాడుతున్న ఏడాది. పొలాల్లో వరి ఉబాలు, అంటే నాట్లు, జోరుగా సాగుతున్నాయి. అప్పటికే పాతికేళ్లుగా ఈ బజార్లో నాది మందుల దుకాణం. ఒక మధ్యాహ్నం అప్పలనరసమ్మ వచ్చి, నొక్కి నొక్కి చపాతీలా చేసిన ఖాళీ ట్యూబొకటి కౌంటరు మీద పడేసింది. పక్క పల్లెలో రైతు కుటుంబం ఆవిడది. నన్ను తమ్ముడంటుంది, నేను అప్పా అంటాను. చుట్టరికం లేదు, చనువుంది.

కొన్ని నెలల ముందు ఆవిడకి తలలో సొరియాసిస్ వచ్చింది. చర్మం పొలుసులు పొలుసులుగా లేచిపోయే జబ్బు. శ్రీకాకుళం చర్మం డాక్టరు గారు స్టిరాయిడ్ ఆయింట్‌మెంట్ రాశారు. ఈ స్టిరాయిడ్లలో మెత్తనివీ ఉంటాయి, మొండివీ ఉంటాయి. ఆ బలాన్నే మేం పోటెన్సీ అంటాం. ఆవిడకి రాసింది అన్నిటికన్నా గట్టిది. మచ్చల మీద మాత్రమే, పల్చగా, రెండు వారాలు రాసి మళ్లీ చూపించమన్నారు. డాక్టరు గారు చెప్పారు, చీటీ మీద రాశారు, ట్యూబు ఇస్తూ నేనూ చెప్పాను. గోడకి మూడుసార్లు చెప్పినా ఈపాటికి అర్థమయ్యుండేది.

“ఇలాటియి ఇంకో రెండియ్యి తమ్ముడూ,” అంది.

“డాక్టరుకి మళ్లీ చూపించావా అప్పా?”

“ఎందుకేటి? తగ్గిపోనాది గదా.”

“తగ్గిపోతే మందెందుకు?”

“మల్లీ రాకుండాను.”

“మరి ఇన్నాళ్లూ ఎక్కడ కొన్నావు?”

“నువ్వేమో సీటీ సీటీ అని పేణం తీస్తావు. మావోడు బరంపురం ఎల్లినప్పుడల్లా తెస్తన్నాడు. ఆ కొట్టోడు నీలాగ యవ్వారాలు సెయ్యడు.”

ఒళ్లు మండింది. మండినా, ఒక్క తలకి అన్ని ట్యూబులు ఎలా పట్టాయో తెలుసుకోవాలి కదా. ఎలా రాస్తున్నావని అడిగాను.

“డాట్రుబాబు సెప్పినట్టే. పల్సగా.”

“పల్చగా అంటే?”

“కొబ్బరినూని గోరెచ్చగా కాసి, అందల ట్యూబులు పిండి, బాగా కలియబెట్టి సీసాకి పోస్తాను. సిక్కగా ఉండకూడదన్నారు గదేటి? మజ్జిగ పల్సన సేసినట్టు సేసేను.”

నుదురు కౌంటరుకేసి కొట్టుకున్నాను. డాక్టరు గారి పల్చన పొర. ఆవిడ పల్చన మజ్జిగ. తెలుగులో ఆవిడదీ తప్పు కాదు. అదే నాకు ఎక్కువ చిరాకు తెప్పించింది.

“ఆ సీసా ఎవరెవరు వాడుతున్నారప్పా?”

“కొబ్బరినూని సీసాకి ఇది నాది, అది నీదని పేర్లుంటాయేటి?”

దుకాణం మెట్ల కింద పిల్లాణ్ణి ఎత్తుకుని నిలబడ్డ ఆవిడ కోడలు సంధ్య అప్పుడు పైకొచ్చింది. “ఆ నూనితోటే మా అత్త మా గుంటడికి రోజూ ఒళ్లంతా మర్దనా సేసి నీల్లు పోస్తన్నాది, అంకుల్,” అంది మెల్లగా.

పిల్లాణ్ణి చూశాను. ఇంకా ఏడాది నిండలేదు. మొహం గుండ్రంగా పళ్లెంలా ఉంది. బుగ్గలు కిందికి జారుతున్నాయి. చేతులూ కాళ్లూ మాత్రం ఆ మొహానికి పొంతన లేకుండా సన్నగా ఉన్నాయి. నుదుటి మీద సన్నటి నూగు.

“బుగ్గలు సూడు, బూరిల్లాగ ఎలగొచ్చేయో!” అని అప్పలనరసమ్మ మురిసిపోయింది. “పోలియో సుక్కల మందు కాడ అందరూ ఈడి బుగ్గలే గిల్లుతారు.”

జీవితంలో నేను చాలా కల్పించాను. ఆ బుగ్గల్ని మాత్రం కల్పించలేదు.

“అవి బలం బుగ్గలు కావప్పా. మందు బుగ్గలు. పసివాడి చర్మం తడిగుడ్డలాంటిది, రాసిందల్లా లోపలికి పీల్చేస్తుంది.”

“మా అత్త నా కొడుక్కి రాసింది. ఆడు ఎద్దులాగున్నాడు.”

“అప్పుడు నూనెలో ట్యూబులు లేవు తల్లీ!”

“సర్లే, అరవకు. రేపట్నుంచి మానేస్తాను. పదవే సంధ్యా.”

ఇది ఇంకా ప్రమాదం. ఒంట్లో ఇలాంటి పదార్థాన్నే తయారుచేసే చిన్న గ్రంథులుంటాయి. ఊళ్లోకి రోజూ ట్యాంకరు వస్తుంటే బావిలో పూడిక ఎవరు తీస్తారు? బయటినుంచి మందొస్తుంటే ఆ గ్రంథులూ అలాగే పడుకుంటాయి. ట్యాంకరు ఉన్నట్టుండి ఆగిపోయిందా, బావిలో చుక్క ఉండదు. అప్పుడు చిన్న జ్వరమొచ్చినా పసివాడి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఉత్తినే మానేసి ఇంట్లో కూర్చోకూడదు, ఎలా ఆపాలో డాక్టరే చెప్పాలి, ఈవేళే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లండి అన్నాను.

“ఈయేలా? ఉబాలు జరగతన్నాయి, కూలోలు ఒచ్చున్నారు. ఎల్లుండి సూద్దాం.”

సంధ్య నా వైపు చూసింది. ఆ చూపులో, ఏదైనా చెయ్యండి అని ఉంది. ట్యాంకరు చెప్పాను, గ్రంథులు చెప్పాను, ప్రాణం సంగతీ చెప్పాను. ఈవిడకి ఇంకేం చెప్పాలి? విసుగెత్తిపోయి గొంతు తగ్గించాను.

“నీ ఇష్టం అప్పా. కళింగపట్నంలో పడవలాయన సంగతి తెలుసు కదా?”

“ఎవులు?”

“తెల్లబడదామని ఇదే మందు మొహానికి ఏళ్ల తరబడి రాశాడు. చర్మం పల్చబడి పల్చబడి ఉల్లిపొరైపోయింది. పెళ్లి భోజనాల్లో కూర్చుంటే, ఎదుటి వరసలో వాళ్లకి ఆయన బుగ్గలోంచి చేపముల్లు కనిపించింది. కూర ఏమిటని ఎవరూ వడ్డించేవాణ్ణి అడగలేదు.”

“నిజిమే?”

“నా కళ్లతో చూశాను. దీపం పట్టుకుంటే పళ్లు లెక్కపెట్టొచ్చు.”

అప్పలనరసమ్మ చెయ్యి తన బుగ్గ మీదికి వెళ్లింది. తర్వాత మనవడి బుగ్గ మీదికి. “ఒసే సంధ్యా, నిలబడి సూస్తావేటే, ఆటో పిలు!”

శ్రీకాకుళంలో రక్తం పరీక్ష చేస్తే గ్రంథులు నిజంగానే పడుకున్నాయని తేలింది. కొద్ది మోతాదులో మందిచ్చి, దాన్ని మెట్టు మెట్టుగా తగ్గించారు. ఆ దింపడాన్నే టేపరింగ్ అంటారు. మధ్యలో ఓసారి పిల్లాడికి జ్వరమొచ్చింది. తెల్లారనీ అన్న అత్త మాట వినకుండా సంధ్య ఆసుపత్రికి పరిగెత్తింది. ఆ పరుగే వాణ్ణి కాపాడిందని డాక్టరు గారన్నారట. నెలలు పట్టింది. బుగ్గలు దిగాయి. వాళ్ల నాయనమ్మ మాత్రం వచ్చినప్పుడల్లా, “సిక్కిపోనాడు, నీ వల్లే,” అని నన్నే తిట్టింది.

ఆ రోజునుంచి నేను పల్చగా అనే మాట అనను. చూపుడువేలు ఎత్తి చూపిస్తాను. కొన నుంచి మొదటి గీత దాకా ట్యూబులోంచి పిండితే ఎంతొస్తుందో అది ఫింగర్ టిప్ యూనిట్. వేళ్లతో సహా పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేర చర్మానికి అది సరిపోతుంది. తలలోనైతే జుట్టు పాయ తీసి, జుట్టుకి కాదు, మచ్చకి రాయాలి. కళ్ల దగ్గరికి పోనివ్వకూడదు, తర్వాత చేతులు కడుక్కోవాలి. డాక్టరు చెప్పకుండా మొహానికి, చంకల్లో, గజ్జల్లో వద్దు. తామరకి అసలే వద్దు. పైకి మానినట్టే ఉంటుంది, కింద పాకుతుంది. ఒకరి ట్యూబు ఇంకొకరికి వద్దు. ఇంత చెప్పి, “ఇప్పుడు ఇంటికెళ్లి ఏం చేస్తావో నువ్వు చెప్పు,” అంటాను. ఈ చివరి ప్రశ్న అడగడం అప్పలనరసమ్మే నేర్పింది. జవాబులు వింటుంటే జుట్టు పీక్కోవాలనిపిస్తుంది. మొన్న ఒకాయన, “ఏలు కొలత సరే గానీ, మా ఆవిడ ఏలా, నా ఏలా?” అన్నాడు.

ఇక ఒట్టు సంగతి. రాత్రి అన్నం మానుకోలేను కాబట్టి ఒప్పుకుంటున్నాను. పిల్లాడు నిజం, నూనె సీసా నిజం, పడుకున్న గ్రంథులు నిజం. ఆ మందు చర్మాన్ని పల్చబరుస్తుందన్నదీ నిజమే. కళింగపట్నం పడవలాయన మాత్రం ఆ మధ్యాహ్నం నా కౌంటరు వెనకే పుట్టాడు.

అప్పలనరసమ్మ ఇప్పటికీ, “పాపం, ఆ బుగ్గాయనకి ఎలాగుందో?” అని అడుగుతుంది. అలాగే ఉన్నాడప్పా అంటాను. ఆయన కోలుకున్నాడని ఒక్కసారి నోరుజారానంటే, ఆ ఇంట్లో మళ్లీ కొబ్బరినూనె వేడెక్కుతుంది. సంధ్యకి ఇప్పుడు రెండో కాన్పు దగ్గర పడింది. అందుకని ఆయన్ని నేను బాగుచెయ్యను. మీరూ చెయ్యకండి.