ఆటో మైకులో దేవకుమారి గొంతు

భీమవరం దగ్గర రొయ్యలు వలిచే షెడ్డులో దేవకుమారి మాట్లాడితే చివరి బల్ల దాకా వినపడేది. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేదీ ఆమే. అందుకే, ఇంట్లో ఆడవాళ్ళు పడే హింస గురించి ఊరూరా చెప్పే కార్యక్రమానికి ఒక గొంతు కావలసి వచ్చినప్పుడు సారిక నేరుగా ఆమె దగ్గరికే వచ్చింది.

సారిక ఒక మహిళా సంస్థలో పనిచేస్తుంది. అంతకుముందు రంగుల పోస్టర్లు వేయించింది. కళ్ళు వాచిన ఆడమనిషి బొమ్మ, కింద ఫోను నంబరు. షెడ్డులో చాలామందికి చదువు రాదు. వచ్చినవాళ్ళు కూడా ఎవరైనా చూస్తారేమోనని దాని ముందు నిలబడలేదు. అదే ఆటోకి మైకు కట్టి తిప్పితే, అంట్లు తోముకుంటూ వినొచ్చు. విన్నట్టు ఎవరికీ తెలియదు.

సారిక రాసి తెచ్చిన కాగితంలో గృహహింస శిక్షార్హమైన నేరమని ఉంది. పోలీసులు చెప్పినట్టుందండి అంది దేవకుమారి. భోజనాల వేళ ఇద్దరూ షెడ్డు వెనక కూర్చుని మాటలు మార్చారు. తీరా రికార్డు చేసేటప్పుడు ఆమె కాగితం చూడనేలేదు.

"అమ్మా, కొడితేనే హింస కాదు. మీ అమ్మతో మాట్లాడాలన్నా ఆయన్ని అడగాలా? ఆయన బండి చప్పుడు వినపడితే భయమేస్తుందా? అయితే ఈ నంబరు నీ కోసమే."

సారిక ఆమె ముఖంలోకి చూసింది. పేరు మాత్రం ఎక్కడా చెప్పొద్దని దేవకుమారి మాట తీసుకుంది.

పేరు దాగింది గానీ గొంతు దాగలేదు. ఆటో వాళ్ళ వీధిలోకి వచ్చిన సాయంత్రం భర్త శ్యాంబాబు అరుగు మీద టీ తాగుతున్నాడు. మన దేవకుమారి గొంతులా ఉందే అంది పొరుగింటామె. అతనూ నవ్వాడు. టీ అయ్యేదాకా కదల్లేదు. తర్వాత లోపలికొచ్చి, గడియ పెట్టి, చెయ్యి చాపాడు. ఆమె ఫోను తీసి ఇచ్చింది.

"ఊరంతా చెప్పుకున్నావన్నమాట. ఇక చాల్లే."

షెడ్డు పనీ, చర్చిలో పాటా అంతటితో ఆగిపోయాయి. ఐసు ఫ్యాక్టరీకి డ్యూటీకెళ్ళేటప్పుడు అతను తన తల్లి పాపాయిని గుమ్మంలో కాపలా కూర్చోబెట్టేవాడు.

సంగతి తెలిసి సారిక వచ్చింది. అత్త పాపాయి నీళ్ళకి కుళాయి దగ్గరికి వెళ్ళినంతసేపే కిటికీ దగ్గర మాట్లాడే వీలు దొరికింది.

"ఇదంతా నా వల్లేనండి. రేపే వేరే గొంతు పెట్టించేస్తాను."

"వద్దండి, ఉంచండి. అది వినపడితే ఆయన అరుగు మీద కూర్చోలేకపోతున్నారు."

"అయితే మీరు బయల్దేరండి. ఇప్పుడే."

"పిల్ల స్కూల్లో ఉందండి. సాయంత్రం ఆయనే తీసుకొస్తారు. నేనెళ్ళిపోతే దాన్ని నాకివ్వరు."

పిల్ల కోసం కూడా దారి ఉందని సారిక చెప్పబోయింది. గుమ్మంలో బిందె దించిన చప్పుడైంది. కిటికీ రెక్క మూసుకుంది.

ఆ గొంతు ఇప్పుడు లంక గ్రామాల దాకా తిరుగుతోంది. ఆడవాళ్ళు ఫోన్లు చేస్తున్నారు. కొందరు, మైకులో మాట్లాడిన ఆవిడ ఉన్నారాండీ అని అడుగుతారు. లేరని చెప్పి, తనే వాళ్ళ మాట వింటుంది సారిక. ఈ కబురు చెబుదామని ఆమె మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళింది. కిటికీకి అడ్డంగా చెక్కలు పెట్టి మేకులు కొట్టేసి ఉన్నాయి.