నేను మరిగించిన సూది

మా తమ్ముడికి ఇరవై ఏళ్లు నిండకముందే జనపనార మిల్లులో బేళ్లు మోసి నడుము పట్టేసింది. తోటి కూలి ఒకడు ఆవగింజంత నల్లమందు టీతో మింగించాడు. నొప్పి పోయింది, పని సాగింది. రెండేళ్లకు ఆ ఆవగింజ కాస్తా శనగగింజంత అయింది. మిల్లులోంచి తీసేస్తే బొబ్బిలిలో మా ఇంటికొచ్చి పడ్డాడు.

మా ఆయన ఒక డాక్టరుగారి దగ్గర కాంపౌండరు. ఆయన తెచ్చే గాజు సూదులు మరిగించే పని ఇంట్లో నాది. అప్పట్లో మా వైపు జనానికి మాత్రలంటే లెక్కలేదు, సూది పడితేనే వైద్యం. నాకూ అంతే.

ఒకనాడు నల్లమందు దొరక్క తమ్ముడు వాంతులు చేసుకుంటూ చాప మీద పొర్లాడు.

“ఒక్క సూదేసీండి,” అన్నాను మా ఆయనతో.

“వద్దే. అలవాటు పడిపోయిన మనిషి, ఇంకా పాడైపోతాడు.”

“మీ తమ్ముడైతే ఏసీయరా?”

ఆ మాట పడలేక ఆయన డాక్టరుగారి అల్మారాలోంచి, నల్లమందులోంచే తీసే మార్ఫియా తెచ్చి వేశారు. చూస్తుండగానే తమ్ముడి ఒళ్లు సడలింది.

“అప్పా, ఇన్నాళ్లూ ఆ సేదుమందంతా ఎందుకు మింగీసినానే!” అని అక్కనైన నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. బతికాడనుకున్నాను.

అప్పటినుంచి నేను సూదులు మరిగిస్తుంటే పొయ్యి పక్కన కూచునేవాడు. అదెందుకు, ఇదెలాగ అని అడిగేవాడు. రెండో తరగతి దాటని నన్ను కూడా ఒకరు అడిగి తెలుసుకుంటున్నారని మురిసిపోయి, ఎరిగినదంతా చెప్పేశాను.

ఒక మధ్యాహ్నం గూట్లో సూదిపెట్టె లేదు. పశువుల సాలలో మాటలు వినబడి వెళ్లాను. తమ్ముడూ, వాడి పాత మిల్లు స్నేహితులు ఇద్దరూ ఉన్నారు. ముగ్గురికీ ఒకటే సూది. అది అప్పటికే తమ్ముడి చేతిలో దిగి ఉంది.

“కేకెయ్యకప్పా. సెయ్యదిరితే ఇరిగిపోద్ది.”

నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. వాడు తీసేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. తీసి, తుడవనైనా తుడవకుండా పక్కవాడికి అందించబోయాడు. లాగేసుకున్నాను.

“ఒరే, ఒకడి నెత్తురు ఒకడికా!”

“అయితే మరిగించీయే,” అన్నాడు తమ్ముడు.

“మీ అప్పుండగా మనకేటిరా బెంగ?” అని పక్కవాడు ఇకిలించాడు.

సూదిని గడప రాతికేసి కొట్టాను. గాజు ముక్కలు నా కాళ్ల చుట్టూ పడ్డాయి. ఎవరూ కోప్పడలేదు. రెండోవాడు చొక్కా జేబులోంచి జేబురుమాలు మూట తీసి విప్పాడు. అందులో ఇంకో సూది. తమ్ముడు అటు తిరిగి దాని కోసం చెయ్యి చాపాడు.