వంగినప్పుడు తీసిన కొలత

పొద్దున ఏడుంబావుకు జోగిపేటలో నేనూ మరిది ప్రభాకర్ బస్సెక్కాం. సంచిలో మా ఆయన ఏప్రన్ ఉంది. అది బట్టది కాదు, చిన్న ఉక్కు రింగులు ఒకదానిలో ఒకటి దూర్చి అల్లినది. మాంసం ఫ్యాక్టరీలో ఎముకల నుంచి మాంసం తీసేవాళ్లు వేసుకుంటారు. ఆ పనిలో కత్తిని తమవైపే లాగాలి. ఎనిమిది నెలల కింద మా ఆయన అలా లాగుతుంటే కత్తి జారి తొడలో దిగింది. ఒంటిమీద ఈ ఏప్రన్ ఉండగానే. ఆస్పత్రికి చేరేలోపే పోయారు. సోమవారం నుంచి ప్రభాకర్ అదే పనిలో చేరుతున్నాడు. వద్దంటే వినలేదు. ఏప్రన్ సరిచేయించందే పంపనన్నాను.

ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు జీరో టికెట్, అతనికి మామూలు టికెట్. సంచి కింద పెడితే గలగలమంది.

"ఏందమ్మా, గొలుసులా?" అన్నాడు కండక్టర్.

"అంగీ అన్నా, ఇనుపది" అన్నాడు ప్రభాకర్.

"మరి ఇస్త్రీ ఎట్ల జేస్తరే?"

నాకూ నవ్వొచ్చింది.

సంగారెడ్డిలో ఇడ్లీ తిని బస్సు మారాం. పదింటికి పటాన్‌చెరు. షేర్ ఆటోలో మందుల కంపెనీల ఘాటు దాటి పది నిమిషాలు వెళ్తే, వెల్డింగ్ షాపుల వరసలో ఖలీల్ భాయ్ షెడ్డు. ఒకప్పుడు షేర్వానీలు కుట్టేవాడు, ఇప్పుడు ఇలాంటి ఉక్కు ఏప్రన్లు సరిచేస్తాడు. మెడలో టేపు ఇంకా ఉంది.

"మాల్ మంచిదే. కొలత ఎట్ల తీసిండ్రు?" అన్నాడు ఏప్రన్ తిప్పి చూసి.

"నిలవెట్టి తీసిండ్రంట" అన్నాను.

"నిలవడి ఫొటో దిగుతరు, పని జేస్తరా? ఏయ్ తమ్మీ, ఏస్కో. కోసేటప్పుడు ఎట్ల ఉంటవో గట్ల వంగు."

ప్రభాకర్ ఎడమకాలు ముందుకేసి వంగాడు. ఏప్రన్ తన బరువుకు నిలువుగా వేలాడింది. తొడ పక్కనుంచి అరచేయంత బయటికొచ్చింది. ఖలీల్ భాయ్ అక్కడ ప్యాంటు మీద సుద్దతో గీత గీశాడు. ఆ చోటు నాకు తెలుసు. బయటికెళ్లి కాసేపు నిలబడ్డాను.

కుర్తా పక్కన వేసే ముక్కోణపు ముక్కలాంటిదే రింగులతో అల్లి ఎడమవైపు కలిపాడు. ఒక్కో రింగుకూ వెల్డింగ్ చుక్క. తొడ వెనక కట్టుకోవడానికి ఒక పట్టీ. మూడున్నర దాటింది. గుడ్డలు కుక్కిన గోనెసంచి మీద ఆ కొత్త ముక్క పరిచి నా చేతికి కత్తి ఇచ్చాడు.

"మీరే పొడువుండ్రి అమ్మా. నా మాట మీద పోవద్దు."

మూడుసార్లు గట్టిగా పొడిచాను. ఎత్తి చూస్తే గోనెలో గుంటలు పడ్డాయి, చిరగలేదు. ప్రభాకర్ మళ్లీ వేసుకుని వంగాడు. సుద్దగీత కనబడలేదు.

"ఇగ పరేషాన్ గాకు వదినా" అన్నాడు.

ఖలీల్ భాయ్ దగ్గరికి వెళ్లేవాళ్లకు ఒక మాట: పాత ఏప్రన్ ఒక్కటే పంపితే పని కాదు. మనిషి వెళ్లాలి, ఎత్తు సరిగ్గా తేలేలా పనిలో వేసుకునే బూట్లతో.

సంగారెడ్డిలో ఆరింటి జోగిపేట బస్సుకు పొద్దుటి కండక్టరే వచ్చాడు. సంచి చప్పుడుకు గుర్తుపట్టాడు.

"ఇస్త్రీ అయ్యిందా అమ్మా?"

"అయ్యింది" అన్నాను. ప్రభాకర్ అప్పటికే సీటుకు ఆనుకుని నిద్రపోతున్నాడు. సంచి నా ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నాను.