చెరకు తోటలో పవర్‌హౌస్ స్థలం

పందొమ్మిది వందల యాభైలలో చోడవరంలో డీజిల్ పవర్‌హౌస్‌కు స్థలం వెతకడానికి కడప నుంచి వెళ్లాను. ఇంజన్లు చల్లార్చే నీరు, నూనె పీపాలు దించే రోడ్డు, రెండూ దగ్గరగా ఉన్నది అప్పలనరసమ్మ అనే పెద్దావిడ చెరకు తోట ఒక్కటే. ఆ మాట చెప్పబోయి, ఎండకు కళ్లు తిరిగి గట్టు మీదే కూలబడ్డాను. ఆమె నన్ను బెల్లం వండే పాకలోకి చేర్చి, బెల్లం నీళ్లు పట్టింది. తేరుకున్నాక సిగ్గుపడుతూనే సంగతి చెప్పాను.

ఆమె పాక గుమ్మం దాకా వెళ్లి తోటకేసి చూసింది.

"సెరుకు నరికేదాకా ఆగుతారేటి బాబూ?"

"అందాకా పని ఆపిస్తానమ్మా."

"అయితే లెగు. కూడు తిందువుగాని."

మా వైపు భూమి అడగవచ్చినవాడికి మంచినీళ్లు కూడా పుట్టవు. ఆమె నాకు అన్నం వడ్డించి, పక్కన కూర్చుని విసనకర్రతో విసిరింది.

పై అధికారితో వాదించి కోత అయ్యేదాకా పని ఆపించాను. ఆ ఏటి కొత్త బెల్లంలో మొదటి దిమ్మ ఆమె నాకే పంపింది.