నలభై ఆరు అడుగుల అంచు

1987 ఏప్రిల్. చిలకలూరిపేటలో ఒక కాంట్రాక్టరు గారి దగ్గర ఎస్టిమేట్లు వేసే ఉద్యోగంలో నాకు అప్పటికి మూడేళ్లు నిండాయి. ఎస్టిమేట్ అంటే ఒక పనికి ఎంత ఇనుము, ఎంత సిమెంటు, ఎన్ని రోజులు పడతాయో ముందే కాగితం మీద చెప్పడం. ఇల్లు కట్టేది మేస్త్రీ. కట్టకముందే కట్టినంత గర్వపడేది నేను.

ఆ ఎండల్లో, పేటకి పది కిలోమీటర్ల దూరంలోని ఒక ఊరినుంచి కోటయ్య గారని పత్తి రైతు ఆఫీసుకి వచ్చారు. ముందటేడు పత్తి బాగా పండి డాబా వేశారు. మేడమీద ఒక గది, దాని ముందు బయటికి చాచిన స్లాబు. ఆ స్లాబుకి మూడు పక్కలా పిట్టగోడ లేదు. అంచున ఇటుక గోడ కడితే బరువుకి స్లాబు ఆగదని మేస్త్రీ వదిలేశాడట. మేస్త్రీ అన్నది నిజమే. అలాంటి చోట తేలిగ్గా ఉండే ఇనప రెయిలింగే దారి.

"కాస్త తొందరగా చూడండి బాబూ. మా ఆడమనిషికి మూర్ఛ ఉంది. మిరపకాయలు ఎండబోసేదీ, తిరగేసేదీ ఆ అంచునే," అన్నారు.

మర్నాడు టేపు పట్టుకుని వెళ్లాను. మేడంతా మిరపకాయలు. కొలతలకంటే ముందు పది తుమ్ములు తుమ్మాను. నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం అంచు. మూడు పక్కలా పత్తికట్టె మోపులు నడుమెత్తున వరసగా పేర్చి ఉన్నాయి. పంట అయిపోయాక పీకిన పత్తి మొక్కల ఎండు కట్టె అది. పొయ్యిలోకి దాచుకుంటారు. ఎవరూ అంత శ్రద్ధగా పేర్చరు.

"నేనే పేర్చానండి," అంది కోటయ్య గారి భార్య నాగేంద్రమ్మ గారు. "రెండుసార్లు ఫిట్స్ వచ్చి పడ్డా. రెండుసార్లూ కట్టెమీదే పడ్డా. ఇదిగో," అని మోచేతి మీద గీరుకుపోయిన గుర్తులు చూపించింది, కొత్త గాజులు చూపించినట్టు.

"ఇలాంటి రెయిలింగు మా పుస్తకాల్లో ఎక్కడా లేదమ్మా," అన్నాను. హాస్యం అనుకునే అన్నాను. "కాస్త తీయించండి. టేపు అంచుకి ఆనాలి, కొలత ఖచ్చితంగా రావాలి."

భార్యాభర్తలిద్దరూ మోపులన్నీ మోసి పెరట్లోకి దింపారు. నేను నీడలో నిలబడి మజ్జిగ తాగాను.

ముందు వైపు ఇరవై నాలుగు అడుగులు, పక్కలు పదకొండేసి. మొత్తం నలభై ఆరు. పన్నెండు ఖాళీలుగా విడగొట్టాను. ఖాళీకి అటూ ఇటూ నిలబెట్టే గట్టి పైపుని పోస్టు అంటారు.

"పదమూడు పోస్టులు," అన్నాను.

"పన్నెండన్నారుగా?" అన్నారు కోటయ్య గారు.

"ఖాళీలు పన్నెండు. వాటికి పోస్టులు పదమూడు. ఎప్పుడూ ఒకటి ఎక్కువ."

"ఏందండీ అది! ఎరువుల కొట్టువాడూ ఇదే మాట, మీరూ ఇదే మాట."

చెయ్యి చాపి అయిదు వేళ్లూ, వాటి మధ్య నాలుగు సందులూ చూపించాను. ఆయన తన చెయ్యి కూడా చూసుకుని ఒప్పుకున్నారు. తర్వాత చువ్వల గొడవ. పోస్టుల మధ్య నిలువు చువ్వలు నాలుగంగుళాల ఎడంలో ఉండాలి, పిల్లల తల దూరకుండా. ఆ లెక్కన నూట పధ్నాలుగు చువ్వలు.

"మాకు పిల్లల్లేరు బాబూ. ఎడం పెంచితే చువ్వలు తగ్గుతయ్యిగా?"

"పెంచండి," అంది నాగేంద్రమ్మ గారు, మిరపకాయలు తిరగేస్తూ. "నేను దూరాలంటే తలుపే చాలదు. మీ చువ్వల సందులేం చాలతయ్యి?"

అందరం నవ్వాం. నేను నాలుగంగుళాల దగ్గరే ఆగాను. పని విషయంలో నేను చాలా నిక్కచ్చి మనిషిని.

ఎస్టిమేట్ అందంగా వచ్చింది. కోతల్లో పోయే ముక్కల కోసం అయిదు శాతం కలిపాను. దీన్ని వేస్టేజి అంటారు. కోటయ్య గారు కాగితం రెండు చేతులా పుచ్చుకుని, "పత్తి మొదటి తీత రాగానే మొదలెడదాం," అన్నారు.

ఆ ఏడు పత్తికి తెల్లదోమ పట్టింది. ఆకు తిప్పితే వెనక పిండి చల్లినట్టు ఉండేది. మందు కొట్టారు, ఇంకో మందు కొట్టారు, రెండూ కలిపి కొట్టారు. దోమకి మందు పడినట్టే ఉంది, బాగా ఎదిగింది. మొదటి తీత రాలేదు. డిసెంబరులో కోటయ్య గారు మళ్లీ వచ్చి చువ్వలు తీసేసి, పోస్టులకి రెండు అడ్డ పైపులతో సరిపెట్టమన్నారు. రెండో ఎస్టిమేట్ వేశాను. జనవరిలో వచ్చి, ఇనుమే వద్దు, సరుగుడు కర్రలతో అయితే ఏ మాత్రం అవుతుందో చూడమన్నారు. ఈసారి కుర్చీలో కూర్చోలేదు.

సరుగుడు కర్ర దొరకడం కష్టం కాదు. చీరాల వైపు తోటలకి తోటలే ఉన్నాయి. కష్టమల్లా ఆ కర్రని స్లాబుకి బిగించడం. స్లాబుకి బెజ్జం వేస్తే వానకి కారుతుంది. వెయ్యకపోతే కర్ర ఆగదు. అంచుని పక్కనుంచి పట్టుకునే ఇనప పట్టీ ఒకటి ఆలోచించి, మూడు కోణాల్లో డ్రాయింగు గీశాను. మూడు వారాలు పట్టింది. ఇప్పటికీ అంత మంచి డ్రాయింగు మళ్లీ గీయలేదు.

ఫిబ్రవరి చివర్లో దాన్ని నేనే తీసుకెళ్లాను. వీధిలోంచే చూశాను. మేడ అంచున మూడు పక్కలా పత్తికట్టె మోపులు, వెనకటిలాగే. నాకు ప్రాణం కుదుటపడింది. అరుగుమీద కూర్చున్న కోటయ్య గారితో, "అమ్మగారు కట్టె మళ్లీ పేర్చారే, మంచి పని చేశారు," అన్నాను.

"నేను పేర్చా," అన్నారాయన. "పెద్దకర్మ అయిన మర్నాడు."

అప్పుడు చూశాను, గుండు.

పొద్దున్నే మిరపకాయలు తిరగేస్తుంటే ఫిట్స్ వచ్చిందట. ఆయన చేలో ఉన్నారు.

ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాను. "ఆ రోజు దించిన మోపులు?"

"పొయ్యిలోకి వాడింది. మళ్లీ పేర్చవే అంటే, ఇంజనీరు గారు కొలిచి వెళ్లారు, ఇవాళో రేపో రెయిలింగు వస్తది, మళ్లీ తీయించటం ఎందుకు అంది." ఆ గొంతులో నిష్ఠూరం ఏమీ లేదు. ఉంటే పట్టుకుని వేళ్లాడుదునేమో. "ఇది ఈ ఏటి కట్టె. చేలోది దేనికైనా పనికొచ్చిందంటే ఇదొక్కటే."

నా చేతిలో కాగితం చూసి, "అదేనా?" అన్నారు. ఇచ్చాను. చాలాసేపు తిప్పి చూశారు.

"కర్రలెన్ని?"

"పదమూడు."

"ఒకటి ఎక్కువ," అని తల ఊపి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్లు ఎస్టిమేట్లు వేశాను. ఏ ఇంటికి వెళ్లినా, అక్కడ ముందే ఉన్నదాన్ని, తాడు కానీ, తడిక కానీ, అడ్డంగా పెట్టిన విరిగిన మంచం కానీ, తీయించకుండా దానిమీంచే టేపు పట్టడం నేర్చుకున్నాను. కొలత కాస్త వంకర పోతుంది. పోనీ.

ఆ రోజు కూడా కట్టెమీంచే పట్టి ఉంటే ఎంత తేడా వచ్చేదో తర్వాత లెక్క వేసి చూశాను. అర అడుగు. నేను వేస్టేజి కింద కలిపింది రెండడుగుల పైనే.