ఫోన్లో తంబురాతో స్పీకర్ల బేరానికి

వనస్థలిపురం నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళడం కూడా ఒక యాత్రేనా అని మీరు నవ్వవచ్చు. మా ఇంట్లో మాత్రం దానికి కాశీయాత్రకు జరిగినంత హడావిడి జరిగింది. మావారు వారం ముందు నుంచే దుకాణాలకు ఫోన్లు చేసి, పాటలు వినే గది ఎప్పుడు ఖాళీగా ఉంటుందో కనుక్కున్నారు. లక్షల్లో ధర పలికే స్పీకర్లను కొనేముందు ఎదురుగా కూర్చుని వినాలట. పెళ్ళిచూపులన్నమాట.

ఈ ప్రయాణానికి కారణం నేనే. మా హాల్లో పాట పెడితే కుడివైపు మసకగా వినిపిస్తోందని వేసవి నుంచి సణుగుతున్నాను. స్పీకర్లు పాతబడ్డాయి, మారుద్దాం అన్నారాయన. పాతబడింది పెట్టె కాదు, నా కుడి చెవి అని నా భయం. మా పెద్దమ్మకు ముందు కుడి చెవే పోయింది, ఆ తరవాత పాట మానేసింది. నేను కాలనీ పిల్లలకు సంగీతం చెబుతాను. శ్రుతి కలిసిందో లేదో తెలియని పంతులమ్మ దగ్గరికి ఎవరైనా పిల్లల్ని పంపుతారా? డాక్టరు అవునంటాడేమోనని ఆ గడప తొక్కలేదు. మంచి స్పీకర్లలో రెండు వైపులా సమంగా వినిపిస్తే నా చెవులు బాగున్నట్టే. లేకపోతే నా పాట అయిపోయినట్టే. ఈ సంగతి మావారికి చెప్పలేదు.

ఆదివారం పది గంటలకు బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపించి నేను ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే సున్నా టికెట్టు తీసుకుని కూర్చున్నాను. ఆయన డబ్బులిచ్చి నిలబడ్డారు. మునగకాయల సంచీ ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ పక్క సీట్లోంచి ఎక్కడికని అడిగితే చెప్పాను.

"పాటలు ఇనెతందుకు దిల్‌సుఖ్‌నగర్ దాకనా? ఫోన్ల ఇనరాదా అక్కా!"

"మా ఆయనకు ఫోన్లో సరిపోదమ్మా."

"మొగోళ్ళకు ఏం సరిపోతది తియ్" అంది, మునగకాయలు సర్దుకుంటూ.

ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే దిల్‌సుఖ్‌నగర్ ఎంతోసేపు పట్టదు. దుకాణం బట్టల షాపు పైన రెండో అంతస్తులో ఉంది. చెప్పులు బయట విడిచి చల్లటి గదిలో సోఫా మీద కూర్చున్నాం. ఎడమవైపంతా అద్దాల గోడ, కుడివైపు నేల దాకా వేలాడే మందపాటి తెర, ఎదురుగా నడుమెత్తు స్పీకర్లు రెండు. సేల్స్‌మన్ ముందుగా గాజు గ్లాసులు పగిలే చప్పుడు, హెలికాప్టరు దిగే చప్పుడు వినిపించాడు. మావారు కళ్ళు మూసుకుని తలాడించారు.

"మనింట్లో హెలికాప్టరు ఎప్పుడు దిగుతుందండీ?" అని నా ఫోను అందించాను. అందులో నా తంబురా శ్రుతి రికార్డు చేసి ఉంది.

కాసేపు విని సేల్స్‌మన్ తల గోక్కున్నాడు. "మేడం, గిది ఊకె ఒకటే సౌండ్ గదా. ఏమన్న పాట పెట్టాల్నా?"

"ఇదే కావాలి బాబూ" అన్నాను. ఒకే నాదం ఆగకుండా మోగుతుంటేనే రెండు చెవులకూ తేడా తెలుస్తుంది.

తెలిసింది. కుడివైపు మసక. ఆ మాట అనగానే, "అట్ల ఉండది మేడం" అంటూ అతను మావారి సాయంతో రెండు పెట్టెలనూ అటుదిటు ఇటుదటు జరిపాడు. ఎడమ పెట్టె కుడికి వచ్చినా మసక మాత్రం నా కుడివైపే ఉండిపోయింది. మావారు తనకేమీ తేడా తెలియడం లేదన్నారు. తప్పు పెట్టెది కాదని తేలిపోయింది.

మధ్యాహ్నం మెట్రో స్టేషను దగ్గర ఆంధ్రా భోజనం. గోంగూర పప్పు బాగుందని మావారు రెండుసార్లు వడ్డించుకున్నారు. నేను మాత్రం నా దగ్గర నేర్చుకునే పిల్లల్ని ఇక ఎవరి దగ్గర చేర్పించాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. ఇంటికి పోదామని నోటిదాకా వచ్చింది కానీ, మన్సూరాబాద్‌లో స్పీకర్లమ్మే ఇంకొకాయనకు వస్తామని మావారు మాటిచ్చి ఉన్నారు.

మళ్ళీ ఎల్బీనగర్ దాకా మెట్రో, అక్కణ్ణుంచి ఆటో. ఆ రెండో ఆయనది పోచంపల్లి నేత కుటుంబం. కింద వాళ్ళ వదినగారి బట్టల దుకాణం, మేడ మీది గదిలో ఈయన స్పీకర్ల వ్యాపారం. టీ ఇచ్చి, ఏం పెట్టమంటారని అడిగారు. ఆశ లేకపోయినా తంబురానే పెట్టమన్నాను.

ఈసారి ఎడమవైపు మసక!

రెండోది కూడా పోయిందిరా భగవంతుడా అనుకున్నాను. బుర్ర పనిచేయడానికి కాస్త సమయం పట్టింది. పొద్దున కుడి చెవికి వచ్చిన చెవుడు మన్సూరాబాద్ చేరేసరికి ఎడమ చెవికి మారుతుందా? లేచి, కుర్చీ వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపు పెట్టి కూర్చున్నాను. మసక ఎడమ చెవిని వదిలి కుడి చెవికి వచ్చింది. చెవులు నాతోపాటు తిరిగాయి, మసక మాత్రం ఆ గోడ దగ్గరే ఉంది.

"ఆ గోడకు ఏం పేర్చారండీ?" అని అడిగాను.

"మా ఒదినె దుకాన్ల మాల్ మేడం, దుప్పట్లు. కింద జాగ లేక ఈడ పెట్టినం. మీరొచ్చేలోపల తీద్దమనుకున్న, ఏమనుకోకుండ్రి."

నేల నుంచి కప్పు దాకా దుప్పట్ల మూటలే. నాదంలోని సన్నటి మెరుపునంతా అవే తాగేస్తున్నాయి. పొద్దున దుకాణంలో తెర చేసిన పనీ అదే. వేసవిలో ఎండ పడుతోందని మా హాల్లో కుడి కిటికీకి నేను కుట్టించి వేలాడదీసిన బొంతలాంటి తెర చేస్తున్న పనీ అదే! నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. దుకాణం ఆయన కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

"స్పీకర్లు నచ్చలేదా మేడం?"

"చాలా నచ్చాయి. ఇవే ఇచ్చేయండి" అన్నాను. అబద్ధం కాదు. తీగ మీటి వదిలాక మిగిలే ఆ సన్నటి ఝంకారం అంత స్పష్టంగా నా తంబురా దగ్గర తప్ప ఎక్కడా వినలేదు. నేను బేరమాడకుండా ఏదైనా కొనడం మావారు పెళ్ళయ్యాక చూడలేదు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డారు. తొందరపడి అడ్వాన్సు మాత్రం ఇచ్చేశాం.

మీరు గనక ఈ పనిమీద వెళితే గ్లాసులు పగిలే చప్పుళ్ళకు పడిపోకండి. మీకు బాగా అలవాటైన దాన్నే తీసుకెళ్ళి వినండి. గది నాలుగు గోడలూ ఒకసారి తేరిపార చూడండి.

సాయంత్రం ఎల్బీనగర్‌లో బస్సు దొరికింది. వెనక సీట్లో కూర్చుని ఆయనకు మొత్తం చెప్పేశాను.

"నాకు తెలుసు" అన్నారాయన. "వంటింట్లో ఎవరూ చూడట్లేదనుకుని కుడి చెవి దగ్గర చిటికెలు వేసుకునేదానివి. స్పీకర్లు మారుద్దామని ఎందుకన్నాననుకున్నావు? తప్పు పెట్టెలదే అయితే బాగుండునని. ఈ మూడు నెలలూ నీకు ఎడమపక్కనే కూర్చుంటున్నాను, నువ్వు చూసుకోలేదు."

చూశాను. అప్పుడు కూడా ఎడమపక్కనే ఉన్నారు. లేచి ఆయన్ని కిటికీ వైపు పంపి, నా కుడిపక్కకు తెచ్చుకున్నాను. బస్సు వనస్థలిపురం మలుపు తిరుగుతుంటే, నా కుడి చెవి దగ్గరకు వంగి రహస్యంగా అడిగారు:

"మరి ఆ తెర తీసేస్తే పాత స్పీకర్లే సరిపోతాయేమో కదా?"

అక్షరం పొల్లుపోకుండా వినపడింది.

"ఏమిటండీ? వినపళ్ళేదు" అన్నాను హాయిగా.