ఎర్తు గుంతకు నీళ్లు

హనుమకొండ నుంచి ఏటూరునాగారం పోయే దారిలో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. రామప్ప గుడి ఉంది, లక్నవరం చెరువు ఉంది, తాడ్వాయి అడవి ఉంది. ఏళ్ల తరబడి ఈ దారిలో తిరుగుతున్నాను గానీ, గుడి మలుపు దగ్గర బోర్డూ, చెరువు మలుపు దగ్గర బోర్డూ తప్ప నేను చూసిందేమీ లేదు. నేను డయాలసిస్ మెషిన్లు బాగుచేసే టెక్నీషియన్‌ని. నాకు ఊరంటే ఒక గది, ఆ గదిలో ఆగిపోయిన ఒక మెషిన్. కాబట్టి ఈ యాత్రలో మీకు శిల్పాలూ పడవలూ దొరకవు. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

ఏప్రిల్ నెల, శుక్రవారం. మడికొండలో మా ఇంటి దగ్గర ఐదింటికే షేర్ ఆటో ఎక్కి హనుమకొండ బస్టాండు చేరాను. ముందురోజు మహబూబాబాద్ పోయొచ్చిన అలసట ఇంకా ఒంట్లోనే ఉంది. ఐదు నలభైకి ఎక్స్‌ప్రెస్ కదిలింది. కండక్టర్ నా ఆధార్ కార్డులో ఫొటో చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటో చూసి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్ ఇచ్చాడు. ఆ ఫొటో దిగిన రోజు నేను కడుపునిండా నిద్రపోయి ఉంటాను. ఈ దారిన పోయేవాళ్లకు ఒక మాట: పొద్దున పోయేటప్పుడూ, సాయంత్రం వచ్చేటప్పుడూ ఎడమపక్కే కూర్చోండి. ఎండ రెండుసార్లూ కుడిపక్కే కొడుతుంది.

నా సంచిలోంచి మీటరు వైర్లు బయటికి కనిపిస్తుంటాయి. అదే నాకు శాపం. కండక్టర్ తన టికెట్ మెషిన్‌లో చార్జింగ్ నిలవడం లేదనీ, జర చూడమనీ చేతికిచ్చాడు. పక్కసీటావిడ తన ఇంట్లో మిక్సీ గిర్రున తిరిగి ఆగిపోతోందని చెప్పింది. నేను కిడ్నీల మెషిన్లు బాగుచేస్తానంటే కండక్టర్ తన మెషిన్ వెనక్కి తీసుకున్నాడు. ఆవిడ మాత్రం, అయినా మిక్సీ అంతకంటే చిన్నదే కదా అంది.

నేను పోతున్నది గోవిందరావుపేట దాటాక వచ్చే ఒక ఊరికి. పేరు రాయను, అక్కడివాళ్లకు ఇప్పుడున్న తిప్పలు చాలు. అక్కడ ఒక చిన్న డయాలసిస్ కేంద్రం, అందులో మూడు మెషిన్లు, వాటికి నీళ్లిచ్చే ఆర్వో ప్లాంటు ఒకటి ఉన్నాయి. ఆర్వో ఆగితే మూడు మెషిన్లూ బొమ్మలే. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుని నోట్లో శని ఉంది అన్నట్టు, ఆ ఆర్వో బోర్డు ఈ ఎండాకాలంలో రెండుసార్లు మార్చాను, రెండుసార్లూ కాలింది. మూడో బోర్డు నా ఒళ్లో ఉంది. ఇది కూడా కాలితే మెషిన్లను పట్నానికి తరలిస్తామని మా మేనేజర్ ముందురోజే ఫోన్‌లో తేల్చి చెప్పాడు.

వెనక సీట్లో నవీన్ ఉన్నాడు. సెల్ టవర్ల టెక్నీషియన్. మనిషికంటే సంచి పెద్దది. ములుగు రోడ్డు చౌరస్తా దాటాక ఆరెపల్లిలో సాంబన్న ఎక్కాడు. పాల కేంద్రాల్లో పాలు చల్లబరిచే ట్యాంకులు చూసే మనిషి, యాభై దాటినవాడు. ఇద్దరూ ఇదే బస్సులో పరిచయమైనవాళ్లు. ఈ బస్సులో మా పేర్లకంటే మా మెషిన్లే ముందు: టవర్ తమ్ముడు, పాల సాంబన్న, కిడ్నీ అక్క.

ఏడింటికి ములుగు బస్టాండు. పది నిమిషాలు ఆపుతారు. బయట బండి మీద ఇడ్లీ వేడిగా ఉంటుంది, పల్లీల చట్నీ బాగుంటుంది. ఆకలి రుచెరుగదు కాబట్టి నా మాట పూర్తిగా నమ్మకండి. రెండో ఇడ్లీ చేతిలో ఉండగా లావణ్య ఫోన్ చేసింది. ఆ కేంద్రంలో పేషెంట్లకు సూదులు పెట్టి మెషిన్ నడిపే అమ్మాయి.

"అక్కా, పోశక్క అచ్చి కూసున్నది. కాళ్లు గింత లావు వాచినయ్. వరంగల్ తోలిస్తమంటే పోనంటాంది. జర జల్ది రా అక్కా."

వస్తున్నాననే అన్నాను. బస్సు నేను నడపడం లేదు కదా అనాలనిపించింది గానీ, ఆ పిల్ల గొంతులో భయం విని ఊరుకున్నాను. ఇడ్లీ సగం వదిలేసి ఎక్కాను.

బస్సు కదిలాక, నా మొహం చూసి నవీన్ ఏమైందని అడిగాడు. బోర్డు సంగతి చెప్పాను.

"నీ బోర్డు ఎప్పుడు కాలిందక్కా?"

బుధవారం పొద్దుగూకాక అన్నాను. తన టవర్ కింద కరెంటు మాడ్యూల్ కూడా బుధవారం సాయంత్రమే పోయిందన్నాడు. సాంబన్న కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్రపోయాడనుకున్నాం. కళ్లు తెరవకుండానే, "నా కంప్రెషర్ గూడ గప్పుడే" అన్నాడు.

ముగ్గురం ఒకే ఊరికి పోతున్నాం. అదివరకు కూడా వారం అటూ ఇటూగా ముగ్గురం అక్కడికే పోయాం. నేను బోర్డు మంచిది కాదన్నాను, నవీన్ మాడ్యూల్ పాతదన్నాడు, సాంబన్న పాల కేంద్రంవాళ్లు సరిగా వాడటం లేదన్నాడు. తిలా పాపం తలా పిడికెడు. ఎవరి మెషిన్ వాళ్లు విప్పి, ఎవరి సామాను వాళ్లు మార్చి, ఎవరి బస్సు వాళ్లం ఎక్కాం. మా ముగ్గురికీ కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటేనని ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే తట్టేంత ఓపిక ఎవరికీ లేదు.

ఎనిమిది కావొస్తుండగా దిగాం. పోశక్క కేంద్రం ముందు బెంచీ మీద కూర్చుని ఉంది. తాడ్వాయి అవతల అడవిలోని పల్లె నుంచి జీపులో వస్తుంది. మునుపు మిరప తోటల్లో కూలికి పోయేది. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం ఆమె వంతు. ఇంతకుముందు బోర్డు కాలినప్పుడల్లా వరంగల్ పోయి చేయించుకుని వచ్చింది. పాదాల మీద వేలు పెడితే గుంట పడేట్టు ఉంది.

"నీ మీద కోపం లేదు బిడ్డా," అంది నన్ను చూడగానే. "గా బస్సులల్ల కూసుండుడు ఇగ నాతోని గాదు. ఈడ అయితే చేయించుకుంట. లేకపోతే ఇంటికి పోత. చాలు."

కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. కొడుకు చెప్పినా, డాక్టర్ ఫోన్‌లో చెప్పినా ఇదే మాటట. ఇంటికి పోయి ఊరుకుంటే ఏమవుతుందో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ప్రయాణం మీద విసుగొచ్చి మనిషి ప్రాణం వదులుకుంటుందా అని మీరడగొచ్చు. నేను రోజూ బస్సెక్కేదాన్ని, నాకు ఆ మాట బాగానే అర్థమైంది.

లోపల మీటరు పెట్టి చూశాను. రెండు వందల ముప్పై ఉండాల్సిన చోట ముల్లు రెండు వందల ఎనభై దాటి ఊగుతోంది. కొత్త బోర్డు డబ్బా విప్పకుండా బల్ల మీద పెట్టేశాను. ఇప్పుడు బిగిస్తే సాయంత్రానికి ఇదీ బూడిదే. లైన్‌మన్‌కు ఫోన్ చేసి ముగ్గురం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర నిలబడ్డాం.

లైన్‌మన్ బైక్ మీద వచ్చేసరికి తొమ్మిది దాటింది. మొహం ఎండకు కమిలిపోయి ఉంది. మా ముగ్గురినీ, మా సంచుల్నీ చూడగానే ఫిర్యాదు పెట్టడానికి వచ్చామనుకుని గొంతు పెంచాడు. సాంబన్న అతని భుజం మీద చెయ్యి వేసి, మేం అడగడానికి రాలేదనీ, నిచ్చెన పట్టుకోవడానికి వచ్చామనీ చెప్పాడు. దాంతో అతను మెత్తబడ్డాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించాడు, ఆపినట్టు అటునుంచి మాట వచ్చేదాకా ఎక్కలేదు. ఎక్కి చూస్తే న్యూట్రల్ వైరు బిగించే బోల్టు నల్లగా కాలి వదులైపోయి ఉంది, వోల్టేజీ ఎగబడుతున్నది అందుకే. కింద ట్రాన్స్‌ఫార్మర్ గద్దె పక్కనున్న ఎర్తు గుంత అయితే మరీ ఘోరం. ఆ గుంతలో ఉప్పు, బొగ్గు వేసి ఎప్పుడూ తడిగా ఉంచితేనే తేడా కరెంటు భూమిలోకి దిగుతుంది. అదేమో ఎండి నోరు తెరుచుకుని ఉంది.

"ఎండకాలం దీనికి నీళ్లు పొయ్యాలె. ఎవలు పోస్తరు?" అన్నాడు లైన్‌మన్. "ఏడు ఊర్లు నాకు. బిందె వట్టుకొని తిరగాల్నా?"

అతను పైన వైరు చివర కోసి కొత్తగా బిగించాడు. నవీన్ గుంత తవ్వాడు. నేను కిరాణా కొట్టుకు పోయి గళ్లుప్పు తెచ్చాను. ఇస్త్రీ బండి ఆయన బొగ్గులిచ్చి, ఇంతకీ తన ఇంటి ఫ్యాన్ ఎందుకు తిరగడం లేదని అడిగాడు. నీళ్ల కోసం వెతుకుతుంటే కేంద్రం వెనక గోడ దగ్గర నా కాలు జారింది. చూస్తే మా ఆర్వో నీళ్లు పోయే మోరీ. ఆర్వో మంచినీళ్లు కొన్ని తీసుకుని, ఉప్పు నీళ్లన్నీ వెనకనుంచి పారబోస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆ గోడకు అవతలే ఉంది. ఇన్నేళ్లుగా ఆ నీళ్లు మోరీలోకే పోతున్నాయి, గుంత పక్కనే ఎండిపోతోంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

సాంబన్న సంచిలో పాల ట్యాంకుకు తెచ్చిన పైపు ఉంది. గోడ మీదుగా తీసి గుంత అంచు దాకా వదిలాం. ఉప్పు నీళ్లయితే ఇంకా మంచిదన్నాడు లైన్‌మన్, నవ్వకుండానే.

పదకొండున్నరకు కరెంటు వచ్చింది. మీటరు రెండు వందల ముప్పై రెండు దగ్గర కదలకుండా నిలబడింది. బోర్డు బిగించాను. లావణ్య నీళ్లు పరీక్షచేసి తలూపింది. పన్నెండు దాటాక పోశక్క డయాలసిస్‌కు మంచమెక్కింది. నవీన్, సాంబన్న ఎవరి మెషిన్ల దగ్గరికి వాళ్లు పోయారు. లావణ్య తన డబ్బాలోని టమాట పప్పు, అన్నం నాకు సగం పెట్టింది. తిని గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయాను.

మెలకువ వచ్చేసరికి పోశక్క నన్నే చూస్తోంది. బయట అంతసేపు ఏం తవ్వారని అడిగింది. చెప్పాను. డయాలసిస్‌వాళ్లు నీళ్లు లెక్కగా తాగాలి, ఎండాకాలంలో అదొక నరకం. ఆమె చాలాసేపు నవ్వింది.

"నాకు గొంతు తడుపుకుందామంటే గిలాసెడు నీళ్లకు గతి లేదు. గుంతకు బిందెలకు బిందెలు పోస్తాన్రా?"

అయిపోయాక లావణ్య చెయ్యి పట్టుకుని వెనకవైపు పోయి పైపు చూసింది. అది కొంచెం జారి నీళ్లు గుంత పక్కకు పోతున్నాయి. నన్ను వంగనివ్వలేదు. తనే ఒక రాయి జరిపి పైపు మీద పెట్టింది, నీళ్లు గుంతలో పడేదాకా నిలబడింది. గిట్లనే వదిలేస్తే ఎట్ల బిడ్డా అని నన్ను కోప్పడింది.

"మీకెవ్వలకు తీరది. మంగళారం అచ్చినప్పుడు నేనే చూస్త. ఫికర్ జెయ్యకు."

లావణ్య నా వైపు చూసింది. నేను చేతులు దులుపుకున్నాను. ఏమన్నా అంటే మంగళవారం వస్తానన్న ఆ మాట ఎక్కడ వెనక్కి తీసుకుంటుందోనని భయం వేసింది.

ఐదింటికి తిరుగు బస్సు దొరికింది, ఎడమపక్క సీటూ దొరికింది. కాళ్లు పీకుతున్నాయి, చేతులకు ఉప్పు మంట. మేనేజర్‌కు వారం ఆగి చూడమని చెప్పాను, సరేనన్నాడు గానీ గొంతులో నమ్మకం లేదు. ఇల్లలకగానే పండుగ కాదు, నాకూ తెలుసు. ఈ యాత్రలో నేను చూసిన వింత ఏదని అడిగితే ఒక్కటే చెప్తాను: ఒకే జబ్బుకు ముగ్గురం మూడు మందులు రాసుకుంటూ ఒకే బస్సులో తిరిగాం. లక్నవరం బోర్డు దాటింది. రామప్ప బోర్డు వచ్చేలోపు నిద్రపోతానని తెలిసి, ముందే లావణ్యకు ఫోన్‌లో ఒక మాట రాసి పంపాను.

"పైపు మళ్లీ జారితే నువ్వు సర్దకు. మంగళవారం దాకా అట్లనే ఉండనీ. అది పోశక్క పని."